మా రెండిళ్ల మెదళ్లు

నన్ను చేసుకుంటానన్న అబ్బాయి తండ్రి మొదటిసారి మా ఇంటికి వచ్చి, అవ్వ ఇచ్చిన చాయ్ సగం తాగి, మా అన్నకున్న జబ్బు మా వంశంలో ఇంకా ఎవరెవరికి ఉందని అడిగారు.

అడగడంలో తప్పు లేదు. పెళ్లి మాటలకు వచ్చినవాళ్లు ఏదో ఒకటి అడగాలి. కానీ ఆయన అడిగిన తీరు, పాత మోటారు కొనేవాడు దాన్ని ఎన్నిసార్లు రిపేరుకు ఇచ్చారని ఆరా తీసినట్టుంది. ఆయన ఇంజనీరు. కోస్తా నుంచి ఉద్యోగానికి రామగుండం వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యారు. అయినా సంతలో వంకాయ చేతిలోకి తీసుకుంటే చాలు, "మా వైపు వంకాయ ఇలా ఉండదండీ" అంటారు.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. మా ఊరున్న చోట ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని ఉంది. కాబట్టి 'మా వైపు' అని చూపించుకోవడానికి మాకు ఒక పెద్ద గొయ్యి తప్ప ఏమీ లేదు. ఊరు పోయాక అందరం గోదావరిఖనిలోనే ఇళ్లు కట్టుకున్నాం. నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఆ అబ్బాయి అదే బడిలో లెక్కలు చెబుతాడు. మా ఇద్దరి మధ్య ఏం జరిగిందో స్టాఫ్ రూములో అందరికీ తెలిశాకే ఇళ్లలో తెలిసింది.

ఇక అన్న సంగతి. అన్న పెద్దపల్లిలో ఐటీఐ చదువుతుండగా, ఇరవై ఏళ్ల వయసులో, షిఫ్టు సైరన్ మోగని వేళల్లో కూడా సైరన్ వినేవాడు. ఆ సైరన్‌లో ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నారనేవాడు. మా ఇంట్లో దానికి 'గాలి సోకింది' అని పేరు పెట్టి, చాలాకాలం కోళ్లను కోశారు. కోళ్లు అయిపోవచ్చాక కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. ఆమె స్కిజోఫ్రీనియా అని చెప్పి గోళీలు రాసిచ్చింది. ఇప్పుడు అన్న మా వాడకట్టులోని పిండి గిర్నీలో పనిచేస్తాడు. రాత్రి గోళీ వేసుకుంటాడు. ఆ గోళీలకు కొంచెం లావయ్యాడు, చేతులు కొంచెం వణుకుతాయి. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అందరికన్నా వేళకు లేచేది వాడే.

ఇంజనీరుగారు బాపు వైపు వంగారు. "ఇది జీన్స్‌లో వస్తుందండీ. మీ అబ్బాయిలో బయటపడింది. మీ అమ్మాయిలో దాగి ఉండొచ్చు."

"మా పోరడు జీన్సు ఎయ్యడు సార్. లుంగీ మీదనే ఉంటడు," అన్నాడు బాపు.

జీన్స్ అంటే ఏమిటో బాపుకు తెలుసు. నేను రేపటి పాఠాన్ని ఇంట్లో గట్టిగా చదువుకుంటుంటే ఏళ్ల తరబడి విన్నవాడే. తెలిసే అన్నాడు. ఇంజనీరుగారు మాత్రం ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి, ఫోన్లో ఒక వీడియో పెట్టారు. అందులో రంగురంగుల మెదడు ఒకటి గిరగిరా తిరుగుతోంది.

"తెల్లవాళ్ల మెదడు ఒక కొలతట, చైనావాళ్లది ఒక కొలతట, మనది ఇంకో కొలతట. జబ్బు తెచ్చే జీన్స్ కూడా జాతిని బట్టి మారతాయట. దేశదేశానికీ అంత తేడా ఉన్నప్పుడు, మా డెల్టా బియ్యం తిన్న బుర్రకీ ఇక్కడ జొన్న గటక తిన్న బుర్రకీ ఎంతో కొంత ఉండదంటారా?"

గడప మీద కూర్చున్న మా కాక ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు. కాక బాపుకు తమ్ముడు. యూనియన్ లీడరుగా చేసి దిగిపోయాడు గానీ గొంతు మాత్రం దిగలేదు.

"ఎందుకుండది సార్? మస్తుగుంటది. మా తాతల కాలంల గిసొంటి బీమారి పేరే ఇనలే. మీరు రైళ్లు దిగినంకనే గీ రోగాలన్ని దిగినయ్."

అలా పది నిమిషాల్లో మా ఇంటి ముందుగదిలో రెండు సిద్ధాంతాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి ఇక్కడి మెదడే లోపమని, ఇంకొకటి అక్కడి మెదడే అంటువ్యాధి అని. రెండింటికీ ఆధారం ఒక్కటే, చెప్పేవాళ్ల గొంతు. ఆ అబ్బాయి నేల చూస్తూ కూర్చున్నాడు. బఠానీ గింజ గుండ్రంగా ఎందుకుంటుంది, ముడతలుగా ఎందుకుంటుంది అని ఏటేటా పిల్లలకు చెప్పే నేను చాయ్ గ్లాసులు తీస్తున్నాను. మనిషి మెదడు బఠానీ గింజ కాదని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు తోచలేదు.

చివరకు ఇంజనీరుగారే దారి చూపించారు. ఉమ్మి తీసుకుని జీన్స్ చదివి, ఏ జబ్బు వచ్చే అవకాశం ఎంతో చెప్పే పరీక్ష ఉందట. ఇంటికే గొట్టం పంపుతారట. నేను ఉమ్మి ఇస్తే చాలట.

"మీ అబ్బాయి కూడా ఇస్తే ఇస్తానండీ," అన్నాను.

"వాడికెందుకమ్మాయ్?"

"పుట్టే పిల్లలకు సగం అక్కణ్ణుంచే కదండీ వచ్చేది."

ఆయనకు సైన్సంటే గౌరవం. కాదనలేకపోయారు. సరిగ్గా అప్పుడే అన్న గిర్నీ నుంచి వచ్చాడు. ఆ రోజు మిరపకాయలు పట్టారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, కనుబొమ్మల మీద పిండి. గుమ్మంలో నిలబడి గట్టిగా తుమ్మాడు. ఇంజనీరుగారి కుర్చీ దానంతట అదే జానెడు వెనక్కి జరిగింది.

"నువ్వు కూడా ఒక గొట్టం ఇస్తావా బాబూ? పోల్చి చూడ్డానికి పనికొస్తుంది," అన్నారు తేరుకుని.

అన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నా బీమారి నాకెర్కనే గద సార్. ఎర్క లేనోళ్లకు చెయ్యిండ్రి."

అని లోపలికి పోయి అన్నం పెట్టించుకున్నాడు. ఇంజనీరుగారు తల పంకించారు. ఆ జవాబును కూడా జబ్బు లక్షణాల్లోనే కలుపుకున్నట్టున్నారు.

గొట్టాలు వచ్చాక వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ, ఇప్పుడు మా అత్తయ్యగారు, పులిహోర చేసి పెట్టారు. కానీ ఉమ్మేదాకా ఏమీ తినకూడదని నియమం. బల్ల మీద పులిహోర, బల్ల చుట్టూ మేము, నా చేతిలో గొట్టం. ఇంజనీరుగారు కళ్లద్దాలు సవరించుకుని గొట్టం మీది గీతను పరిశీలిస్తున్నారు. కాబోయే మామగారు ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఎంతటి ఆడపిల్లకైనా నోరు ఎండుకుపోతుంది.

"నురగ లెక్కలోకి రాదమ్మాయ్. నీరే గీత దాకా రావాలి."

"అలా చూస్తూ ఉంటే ఎలా వస్తుందండీ, మీరు కాసేపు అటు తిరగండి," అని అత్తయ్యగారు లోపలికి వెళ్లి ఆవకాయ జాడీ తెచ్చి, మూత తీసి నా ముక్కుకు కాస్త దూరంలో పట్టుకున్నారు. ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన ఆవకాయ అది. ఆ కోస్తా ఆవకాయ పుణ్యమా అని నా తెలంగాణ ఉమ్మి గీత దాకా నిండింది. వాళ్లబ్బాయికి ఏ సాయమూ అక్కర్లేకపోయింది. పులిహోర చూస్తూనే నింపేశాడు.

ఫలితాలు వచ్చిన రోజు ఇంజనీరుగారు మా అందరినీ పిలిచారు. ఫోన్లోది టీవీలోకి తెచ్చి చూపించే ఏర్పాటు చేసుకున్నారు. బాపు, కాక సోఫా అంచున కూర్చున్నారు. తెర మీద మెదడు బొమ్మ, దాని కింద రంగుల పట్టీ. మొదట నాది. స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం: సగటు.

"మంచిది," అన్నారు ఇంజనీరుగారు, కొంచెం నిరాశగానే.

తర్వాత వాళ్లబ్బాయిది. సగటు కన్నా ఎక్కువ.

 ఇంజనీరుగారు వెనక్కి వెళ్లి మళ్లీ తెరిచారు. అదే వచ్చింది. ఫోను ఆపి మళ్లీ పెట్టారు. అదే వచ్చింది. గొట్టాలు తారుమారయ్యాయేమో అన్నారు. మగా ఆడా అన్నది కూడా అందులోనే రాసి ఉంది, తారుమారు కాలేదు. అప్పుడు, నాది చూసినప్పుడు కనిపించని అడుగున ఉన్న చిన్న అక్షరాలు ఆయనకు కనిపించాయి. వేళ్లతో లాగి పెద్దవి చేసి గట్టిగా చదివారు. ఆ అంచనా ఎక్కువగా ఐరోపా సంతతివాళ్ల వివరాలతో కట్టిందట. మిగతా జనాలకు సరిగ్గా వర్తించకపోవచ్చట.

"చూశారా! తెల్లవాళ్ల లెక్క ఇది. మనకి వర్తించదు!"

బాపు మెల్లగా అడిగాడు. "మనకు అన్నరా సార్?"

 గోదావరిఖనికీ డెల్టాకీ కలిపి ఇంజనీరుగారు 'మన' అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఇంతలో కాక దృష్టి ఇంకో బొమ్మ మీద పడింది. పూర్వీకులు ఏ ప్రాంతం వాళ్లో చూపించే గుండ్రటి బొమ్మ. నాదీ ఆ అబ్బాయిదీ పక్కపక్కన ఉన్నాయి. రెండూ దాదాపు ఒకే రంగు, కింద దక్షిణ భారతం అని రాసి ఉంది.

"గదేంది? ఆంధ్ర, తెలంగాణ అలగ్ అలగ్ చూపెట్టదా?"

"లేదు కాకా. అంత సన్నగా చెప్పలేదది."

"మరి మేం గన్నేండ్లు లాఠీదెబ్బలు ఎందుకు తిన్నం బిడ్డా?" కాక గొంతులో నిజంగానే బాధ ఉంది. "నీళ్లు, కొలువులు ఉమ్మిల తేలయ్," అని బాపు తమ్ముణ్ణి ఊరడించాడు.

మనకు వర్తించదని పైకి తేల్చేసినా ఇంజనీరుగారికి లోపల తేలలేదు. కొడుకు మీద నిఘా పెట్టారు. ఆ అబ్బాయికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జోకులు వింటూ తనలో తాను నవ్వుకునే అలవాటు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోని ఆ నవ్వు ఇప్పుడు ఇంట్లో ప్రమాద సూచిక అయింది. "నీకేమైనా వినిపిస్తోందా?" అని తండ్రి అడిగితే, ఇయర్‌ఫోన్లలో వినపడక వాడు, "ఎవరూ?" అనేవాడట. చివరకు ఒక సాయంత్రం ఆయనే నాకు ఫోన్ చేశారు. గొంతులో ఇంజనీరు లేడు.

"మీ అన్నయ్యని చూసే డాక్టరు దగ్గరకి ఎప్పుడెళ్తారమ్మా? మేం కూడా వస్తాం."

అన్నను చూపించాల్సిన రోజు వాళ్ల కారులోనే కరీంనగర్ వెళ్లాం. ఆయన, అత్తయ్యగారు, అన్న, నేను. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుని ఎంతకీ కదల్లేదు. ఆ సమయమంతా ఆయన అద్దంలోంచి అన్నను చూస్తూ ఉన్నారు. అన్న నిద్రపోయాడు.

డాక్టరమ్మ ముందు అన్నతో మాట్లాడింది. నిద్ర, ఆకలి, చేతుల వణుకు, గిర్నీ పని అన్నీ అడిగింది. తర్వాత ఇంజనీరుగారు కాగితాలు ఆమె ముందు పరిచారు. ఆమె వాటిని పైపైన చూసి పక్కన పెట్టింది.

"ఈ జబ్బుకు ఒక్క జీన్ అంటూ లేదు సార్. ఎన్నో చిన్న చిన్న తేడాలు, ఒక్కొక్కటీ చిటికెడు. అవి ఉన్నా చాలామందికి రాదు. ఇంట్లో ఒకరికుంటే మిగతావాళ్లకు అవకాశం కొంత పెరుగుతుంది, నిజమే. అయినా తోబుట్టువుల్లో ఎక్కువమందికి జన్మలో రాదు."

"మరి జాతిని బట్టి మెదడు మారుతుందంటున్నారు కదండీ?"

"సగటు కొలతల్లో చిన్న తేడాలు కనిపిస్తాయి. అందులో తిన్న తిండి, చదివిన బడి, పెరిగిన ఊరు, స్కాన్ తీసిన మిషను కూడా కలిసి ఉంటాయి. ఒకే వీధిలో ఇద్దరి మధ్య ఉండే తేడా అంతకన్నా ఎక్కువ. కొలత వేరైతే రోగం అని కాదు. టోపీ సైజు చూసి మనిషిని చెప్పలేం కదా. ఇక ఈ రిపోర్టంటారా, ఎవరి వివరాలతో కట్టారో వాళ్లకే అరకొరగా చెబుతుంది. మన జనం వివరాలు సరిపడా అందులో చేరేదాకా, దీన్ని చూసి మీరు ఫికర్ పడొద్దు, సంబరపడొద్దు." ఆమె పెన్ను తీసుకుంది. "అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా ఇంట్లోనా? ఎవరికీ లేదండీ."

అత్తయ్యగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ భర్తతో అన్నారు. "మీ అన్నయ్య?"

"అన్నయ్యది ఆధ్యాత్మికం."

డాక్టరమ్మ తలెత్తింది. "ఆధ్యాత్మికం ఏ వయసులో మొదలైంది సార్?"

"కాలేజీలో. ఇరవై, ఇరవై ఒకటి."

"నిద్రపోయేవారా?"

"లేదు. ధ్యానం."

"మాట్లాడేవారా?"

"మాతో మాట్లాడేవాడు కాదు." ఆయన గొంతు సవరించుకున్నారు. "కాలవ గట్టు మీద కూర్చుని మాట్లాడేవాడు."

"ఎవరితో?"

 ఇంజనీరుగారు చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. వాళ్లన్నయ్య స్నానం మానేసి గడ్డం పెంచితే ఇంట్లో వైరాగ్యం అన్నారట. కాషాయం కట్టించారట. కాళ్లకు మొక్కడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారట, ఇంట్లో రోజూ పదిమందికి భోజనాలట. ఒకరోజు ఎవరో సాధువుల వెంట ఉత్తరాదికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

"వెతకలేదా?" అంది డాక్టరమ్మ.

"మా నాన్నగారు వెతకనివ్వలేదండీ. సన్యాసిని వెతక్కూడదన్నారు." ఆయన బల్ల మీద తన కాగితాలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చారు. "అప్పట్లో ఈ గోళీలుంటే ఇంటి దగ్గరే ఉండేవాడంటారా?"

"చెప్పలేను సార్. ఉండి ఉండొచ్చు."

మా ఇంట్లో గాలి, వాళ్లింట్లో వైరాగ్యం. మేం కోళ్లు కోశాం, వాళ్లు విస్తళ్లు వేశారు. ఇన్నాళ్లూ నా మనసులో ఆయనకు చెప్పాలని దాచుకున్న మాటలు బోలెడు ఉండేవి. ఆ గదిలో వాటిలో ఒక్కటీ పనికి రాలేదు. పైగా కొత్త భయం ఒకటి పట్టుకుంది. అటూ ఉంది, ఇటూ ఉంది, రేపు నాకు పుట్టే బిడ్డ సంగతేమిటి? డాక్టరమ్మను అడిగాను. అవకాశం ఇంకొంత పెరుగుతుందేమో గానీ తనకు కూడా కచ్చితంగా తెలియదంది. తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆమే. అందుకే నమ్మకం కుదిరింది.

"జల్ది పోదం చెల్లె. మందుల దుకాణం బంద్ జేస్తడు," అన్నాడు అన్న తలుపు దగ్గర నిలబడి.

పెళ్లి గోదావరిఖనిలో ఫంక్షన్ హాల్లో జరిగింది. పెళ్లికూతురి అన్నకు ఏదో తేడా అని కోస్తా చుట్టాలకు ముందే కబురు అందింది. ఆ మనిషిని చూడాలని బస్సు దిగినప్పటి నుంచి వాళ్ల కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. అదే సమయానికి మా కాక, మటన్‌లో కండ లేదు, బొక్కలే వస్తున్నాయని వంటవాళ్ల మీద గరిటె ఎత్తుకుని అరుస్తూ హాలంతా తిరుగుతున్నాడు. చుట్టాలు చూసి, "అయ్యో పాపం" అనుకుని, పిల్లల్ని దగ్గరకు లాక్కున్నారు. ఒక పెద్దావిడైతే కాక చేతిలో అరటిపండు పెట్టి, "తిను నాయనా, అంతా తగ్గిపోతుంది," అంది. కాకకు ఏం తగ్గాలో అర్థం కాలేదు గానీ పండు తిన్నాడు. అన్న అప్పుడు వాళ్లకే మంచినీళ్ల గ్లాసులు అందిస్తున్నాడు. "కుర్రాడు బుద్ధిమంతుడు, పెళ్లయిందా?" అని వాళ్లలో ఒకాయన మా బాపును అడిగాడట.

ఇప్పుడు మాకొక కూతురు. అది బొమ్మలతో తనలో తాను మాట్లాడుకుంటుంటే నేను చేస్తున్న పని ఆపి వింటాను. తలెత్తితే మా ఆయన కూడా పుస్తకం మూసి వింటూ ఉంటాడు. పిల్లలందరూ అలాగే మాట్లాడతారని ఇద్దరికీ తెలుసు. ఒకరికొకరం చెప్పుకుని మళ్లీ వింటాం.

మామయ్యగారు మాత్రం పూర్తిగా మారిపోయారు. పొద్దున నడకకు వచ్చేవాళ్లందరికీ మనుషుల మెదళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని ఉపన్యాసం ఇస్తారు. ఎవరైనా అవునండీ అంటే కూడా వదలరు. నెలనెలా అన్నతో కరీంనగర్ వెళ్తారు, డాక్టరమ్మకు తాను కొత్తగా చదివినవన్నీ వివరిస్తారు. మొన్న ఆమె నన్ను పక్కకు పిలిచి, "మీ అన్న బాగున్నాడమ్మా. మీ మామగారికే కొంచెం టైం ఎక్కువ పడుతోంది," అంది.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తున్నాం. వాళ్లిద్దరూ ముందు సీట్లో, పాపతో నేను వెనక. సుల్తానాబాద్ దాటాక మామయ్యగారు అన్నను అడిగారు.

"నీకు ఆ మాటలు ఏమని వినిపిస్తాయి బాబూ?"

"ఒక్కోపాలి తిడతయ్. ఒక్కోపాలి డ్యూటీకి లెవ్వుమంటయ్. ఇప్పుడు సన్నగైనయ్ మామా, పక్కింట్ల రేడియో పెట్టినట్టు."

"మా అన్నయ్యకి కూడా అలాగే వినిపించేవంటావా?"

"గది నాకెట్ల ఎర్క? మీరు అడగలేదా?"

మామయ్యగారు కిటికీ వైపు తిరిగారు.

"లేదు," అన్నారు. "మేం దణ్ణం పెట్టేవాళ్లం."

 పెద్దపల్లి స్టాండులో బస్సు ఆగితే అన్న దిగి ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కొచ్చి, పొట్లం విప్పి ఇద్దరి మధ్య పెట్టాడు.